కౌంటర్ ఆఫర్ వచ్చింది: ఉండాలా, వెళ్లాలా?

పైడిభీమవరం నుంచి విజయనగరం వచ్చే కంపెనీ బస్సులో కూర్చుని ఒక కుర్రాడు నాకు ఫోన్ చేశాడు. మా వీధివాడే. మందుల కంపెనీలో నాణ్యత పరీక్షల విభాగంలో అనలిస్టు. ‘‘బాబాయ్, హైదరాబాద్‌లో వేరే ఉద్యోగం వచ్చిందని పొద్దున రాజీనామా మెయిల్ పెట్టాను. మధ్యాహ్నానికల్లా మేనేజరు పిలిచి, ఏడాదికి ఎనభై వేలు పెంచుతాం, ఆగిపో అన్నారు. రేపు పదింటికల్లా చెప్పమన్నారు. ఏం చెయ్యమంటారు?’’ అన్నాడు. ఆ గొంతులో వణుకు సంతోషానిదో కంగారుదో నాకు అర్థం కాలేదు. బహుశా వాడికీ తెలియదు.

నాలుగేళ్లు ఎవరికీ గుర్తురాని ఎనభై వేలు నాలుగు గంటల్లో ఎక్కడి నుంచి ఊడిపడ్డాయిరా అని అడగబోయి ఊరుకున్నాను. జవాబు నాకు తెలుసు. పద్దెనిమిదేళ్లు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కర్మాగారాల్లో పర్సనల్ విభాగంలో పనిచేశాను. హెచ్‌ఆర్ అన్న పేరు దానికి తరవాత వచ్చింది. అలాంటి కాగితాలు నా చేతులతోనే చాలా తయారుచేశాను. కాబట్టి బల్లకు అటువైపు కూర్చుని లేచి వచ్చిన మనిషి మాటలుగా దీన్ని చదువుకోండి.

రాజీనామా పెట్టిన మనిషిని ఆపడానికి కంపెనీ ఎదురుగా పెట్టే ప్రతిపాదననే కౌంటర్ ఆఫర్ అంటారు. అది కంపెనీ తన ఇబ్బందికి తాను వెతుక్కున్న మందు. అదే మందు మీ జబ్బుకు కూడా పనిచేస్తుందేమో చూసుకోవడమే మీరు చేయవలసిన పని. ఆ కుర్రాడితో ఆ వారం రోజుల్లో నేను చేయించిన పరీక్ష ఇది. అదే వరసలో చెబుతాను.

మొదటి మెట్టు: ఆ గదిలో జవాబు చెప్పకండి

రాజీనామా చూడగానే మేనేజరు తలుపు దగ్గరగా వేసి, టీ తెప్పించి, మన మంచిచెడ్డలు అడుగుతాడు. ఎన్నడూ లేనిది అమ్మగారి మోకాళ్ల నొప్పుల గురించి కూడా అడుగుతాడు. అదంతా నటన అని నేననను. చాలాసార్లు నిజమైన ఆప్యాయతే. అయినా ఆ పూట మనసు మెత్తబడి ఉంటుంది. అప్పుడు అవునన్నా, కాదన్నా తరవాత నాలుక కరుచుకోవాల్సి వస్తుంది.

‘‘నా గురించి ఇంత ఆలోచించినందుకు సంతోషం సార్. ఇది ఇంట్లో కూడా మాట్లాడవలసిన విషయం. శుక్రవారం సాయంత్రానికి చెబుతాను. ఈలోగా మీరు చెప్పినవన్నీ ఒక మెయిల్‌లో పెడితే నాకు ఆలోచించుకోవడానికి వీలవుతుంది’’ అనండి. ఇంతకు మించి ఒక్క ముక్క వద్దు. ఏ కంపెనీకి వెళ్తున్నారో, అక్కడ ఎంత ఇస్తున్నారో ఆ రోజే చెప్పాల్సిన అవసరం లేదు.

గడువు ఇవ్వం, రేపే చెప్పాలంటే, రెండు నెలల నోటీసు కాలం ఉన్న ఉద్యోగికి రెండు రోజులు ఇవ్వలేని తొందర ఎవరిదో గమనించండి. మా వాడు అడిగాడు. శుక్రవారం దాకా సమయం దొరికింది. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు కదా.

రెండో మెట్టు: రాజీనామా ఎందుకు పెట్టారో కాగితం మీద రాయండి

కౌంటర్ ఆఫర్ వినకముందు మీరు దేని గురించి సణిగేవారో అది రాయాలి. గుర్తులేకపోతే ఇంట్లోవాళ్లను అడగండి. వాళ్లకు కంఠతా వచ్చి ఉంటుంది.

మా వాడు మూడు రాశాడు. ఒకటి, నాలుగేళ్లుగా అదే హెచ్‌పీఎల్‌సీ యంత్రం (మందులోని పదార్థాలను విడదీసి కొలిచేది) ముందు అవే పరీక్షలు. కొత్త పరీక్షా పద్ధతులు రూపొందించే పని నేర్చుకునే దారి లేదు. రెండు, నెలలో పది రోజులు రాత్రి షిఫ్టు. మూడు, జీతం. ఆ వరస వాడు పెట్టుకున్నదే. ప్రతి దాని ఎదురుగా, కంపెనీ దీనికి ఏమంది అని రాయమన్నాను. మూడో దాని ఎదురుగా ‘ఎనభై వేలు’ అని, రెండో దాని ఎదురుగా ‘చూద్దాం అన్నారు’ అని వచ్చింది. మొదటి దాని ఎదురుగా ఖాళీ.

ఇదే పరీక్ష ఎదురు తిరిగిన సందర్భం కూడా చెప్పాలి. బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లోని ఒక కర్మాగారంలో లెక్కలు చూసే అమ్మాయి ఉండేది. వాళ్లమ్మకు వారానికి మూడుసార్లు డయాలసిస్. సాయంత్రం ఏడైతే గానీ పని తెమిలేది కాదు, ఆ తరవాత బస్సు దొరికేది కాదు. విజయనగరంలో తక్కువ జీతానికే ఒక కొట్లో పని చూసుకుని రాజీనామా పెట్టింది. కంపెనీ ఆమె పనివేళలను ఉదయం ఎనిమిది నుంచి నాలుగున్నరకు మార్చి, ఉత్తర్వు చేతికిచ్చింది. జీతం రూపాయి పెరగలేదు. ఆమె ఆగిపోయింది, హాయిగా పనిచేసుకుంది. నేను చూసిన కౌంటర్ ఆఫర్లలో అంత బాగా కుదిరింది మరొకటి లేదు. ఆమె కాగితం మీద ఉన్నది ఒకే కారణం, కంపెనీ తీర్చినది ఆ కారణాన్నే.

డబ్బు, పనివేళలు, విభాగం, హోదా, బదిలీ: ఇవి కౌంటర్ ఆఫర్‌తో మారగలవు. పై అధికారి నోటి దురుసు మారదు. కంపెనీ చేతిలో పని తగ్గిపోవడం మారదు. ఇంకొక మాట కాస్త కటువుగానే చెబుతాను. రియాక్టర్ల దగ్గర, ద్రావకాల మధ్య పనిచేసేవారు భద్రత మీద భయంతో రాజీనామా పెట్టి ఉంటే, ఆ భయానికి ధర కట్టించుకోకండి. అక్కడ మారవలసింది యంత్రమూ, పద్ధతీ. మీ జీతం పెరిగినంత మాత్రాన వాల్వు మారదు.

మూడో మెట్టు: ఇప్పుడే ఎందుకు ఇస్తున్నారో కనుక్కోండి

ఒకరు రాజీనామా పెట్టారని తెలియగానే మా పెద్దాయన అడిగే మొదటి ప్రశ్న, ‘‘ఆ సీట్లోకి మనిషి ఎప్పటికి వస్తాడు?’’ అని. అనుభవమున్న అనలిస్టును బయటి నుంచి తెస్తే, వాడు తన పాత కంపెనీలో నోటీసు పూర్తిచేసి రావడానికే రెండు మూడు నెలలు. వచ్చాక శిక్షణ, అర్హత పరీక్షలు. అవన్నీ అయితే గానీ సంతకం పెట్టే అధికారం ఇవ్వరు. ఈలోగా అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తనిఖీ పడితే, పాత రికార్డుల గురించి తనిఖీదారు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పగలిగింది ఆ పరీక్షలు చేసిన చెయ్యే. ఆ లెక్కన ఎనభై వేలు కంపెనీకి చవక. ఆ చవకను మేము ఔదార్యం పేరుతో అందించేవాళ్లం.

కాబట్టి చుట్టూ చూడండి. తనిఖీ దగ్గరలో ఉందా? మీ విభాగంలోంచి ఈమధ్యే ఇద్దరు ముగ్గురు వెళ్లిపోయారా? పెద్ద ఆర్డరు నడుస్తోందా? మా వాడి విషయంలో మొదటి రెండూ ఉన్నాయి. ఆ పని గడిచిపోయాక మిమ్మల్ని తీసేస్తారని నేను భయపెట్టను. అలా జరగడం నేను చూసింది తక్కువ. జరిగేది వేరు: ఏప్రిల్‌లో ఇంక్రిమెంట్ల జాబితా ముందు పెట్టుకుని కూర్చున్నప్పుడు, ‘‘ఇతనికి మొన్ననే ఇచ్చాం కదా’’ అని ఎవరో ఒకరు అంటారు. చాలాసార్లు ఆ మాట అన్నది నేనే. కౌంటర్ ఆఫర్‌గా ఇచ్చింది చాలామందికి రాబోయే రెండేళ్ల ఇంక్రిమెంటే, కాస్త ముందుగా.

అవతలి పక్క మీతో మాట్లాడే నియామక కన్సల్టెంటు కూడా తటస్థుడు కాడు. ‘కౌంటర్ ఆఫర్ ఒప్పుకున్నవారిలో ఎనభై శాతం మంది ఆరు నెలల్లో వెళ్లిపోతారు’ అని ఊదరగొడతాడు. మీరు చేరితే ఆయనకు సాధారణంగా మీ వార్షిక జీతంలో 8.33 శాతం, అంటే ఒక నెల జీతమంత ముడుతుంది. ఆరు లక్షల ఉద్యోగమైతే యాభై వేలు. మేనేజరు మాట విన్నట్టే ఆయన మాటా వినండి, తూచేది మాత్రం మీ త్రాసులోనే.

నాలుగో మెట్టు: చేతికి వచ్చేది లెక్కగట్టండి

ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. సీటీసీ అంటే కంపెనీ మీ మీద పెట్టే మొత్తం ఖర్చు, మీ చేతికి వచ్చేది కాదు. అందులో కంపెనీ వాటా పీఎఫ్, ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ కింద పక్కన పెట్టేది, ఏడాది చివర వస్తే వచ్చే ప్రోత్సాహకం అన్నీ కలిసి ఉంటాయి. మా వాడి లెక్కే చెబుతాను. బేసిక్ (మూల వేతనం) సీటీసీలో సగమని, పీఎఫ్ బేసిక్ మొత్తం మీద కడతారని అనుకుందాం.

ఇప్పటి జీతం: ఏడాదికి 4,20,000, నెలకు 35,000. బేసిక్ 17,500. కంపెనీ వాటా పీఎఫ్ 12 శాతం, 2,100. గ్రాట్యుటీ కింద బేసిక్‌లో 4.81 శాతం, సుమారు 840. ఇవి పోగా ఉద్యోగి వాటా పీఎఫ్ మరో 2,100, వృత్తి పన్ను 200. చేతికి వచ్చేది దాదాపు 29,750.

కౌంటర్ ఆఫర్: 5,00,000. చెప్పినట్టే ఎనభై వేలు ఎక్కువ. మెయిల్ వచ్చాక చూస్తే, అందులో అరవై వేలు ఏడాది పూర్తయ్యాక ఒకేసారి ఇచ్చే బోనస్, మధ్యలో వెళ్తే రాదు. స్థిరమైన పెంపు ఇరవై వేలే. అదే లెక్క వేస్తే నెలకు చేతికొచ్చేది దాదాపు 31,200. ఎనభై వేల పెంపు నెల తిరిగేసరికి పద్నాలుగు వందలుగా తేలింది. కుర్రాడు కాసేపు మాట్లాడలేదు.

హైదరాబాద్ ఆఫర్: 6,00,000. ఇందులోనూ అరవై వేలు పనితీరును బట్టి ఇచ్చేది. మిగతా 5,40,000 మీద చేతికి సుమారు 38,300. విజయనగరంలో వాడు సొంత ఇంట్లో ఉంటాడు. అక్కడ అద్దె 9,000 అనుకున్నాం. ఏడాదికి నాలుగైదుసార్లు ఇంటికి రాకపోకలు, పండగల ఖర్చు సగటున నెలకు 1,500. మిగిలేది 27,800, భోజనం తేడా ఇంకా కలపలేదు. ఆరు లక్షల ఉద్యోగం ఇప్పటి ఉద్యోగం కన్నా నెలకు రెండు వేలు తక్కువ మిగులుస్తోంది! రెండుచోట్లా ఆ అరవై వేలు వస్తాయనుకున్నా డబ్బు తరాజు ఇంటివైపే కొంచెం మొగ్గుతుంది. దూరపు కొండల నునుపు ఈ లెక్కలో కాస్త గరుకుగానే కనిపించింది.

ఈ స్థాయిలో ఆదాయపు పన్ను బెడద లేదు. 2025-26 నుంచి కొత్త విధానంలో 12 లక్షల దాకా ఆదాయానికి రిబేటు వర్తిస్తుంది. అంతకన్నా పైన ఉన్నవారు పన్ను కూడా తీసి చూసుకోవాలి.

మరో రెండు లెక్కలు మన ప్రాంతంలో తరచుగా మరిచిపోతారు.

ఒకటి గ్రాట్యుటీ. శాశ్వత ఉద్యోగికి అది రావాలంటే అయిదేళ్ల నిరంతర సేవ ఉండాలి. చివరి నెల బేసిక్, కరవు భత్యం (డీఏ) కలిపి 26తో భాగించి, 15తోనూ సేవాకాలం సంవత్సరాలతోనూ గుణిస్తారు. 17,500 బేసిక్‌కు అయిదేళ్లకు సుమారు 50,500. నాలుగేళ్ల పది నెలలకు వెళ్లిపోయేవారు ఆ యాభై వేలను అక్కడే వదిలేస్తున్నారన్నమాట. అయిదో ఏట 240 రోజులు పనిచేస్తే చాలన్న హైకోర్టు తీర్పులు ఉన్నాయి గానీ, దాని కోసం కార్మిక శాఖ కార్యాలయం చుట్టూ తిరిగే ఓపిక మీకు ఉండాలి. చేరే తేదీని రెండు నెలలు జరపమని కొత్త కంపెనీని అడగడం దానికన్నా సులువు. మా వాడికి నాలుగేళ్ల మూడు నెలలే అయింది కాబట్టి అంతకాలం ఆగడం కుదరదు. ఆ మొత్తం వదులుకోవాల్సిందే.

రెండోది ఈఎస్‌ఐ. ఉద్యోగికి, అతని మీద ఆధారపడినవారికి వైద్యం అందించే ప్రభుత్వ బీమా ఇది. నెలకు 21,000 దాకా వేతనం ఉన్నవారికి వర్తిస్తుంది. ఉద్యోగి 0.75 శాతం, యజమాని 3.25 శాతం కడతారు. 20,400 వస్తున్న ఆపరేటరుకు కౌంటర్ ఆఫర్‌గా 22,000 ఇచ్చారనుకోండి. ఏప్రిల్-సెప్టెంబర్, అక్టోబర్-మార్చి అని ఉండే చందా కాలాల్లో ఆ నడుస్తున్నది ముగిసేదాకా కవరేజీ ఉంటుంది. తరవాత చందా ఆగిపోతుంది, దానికి జోడైన వైద్య ప్రయోజన కాలం కూడా కొన్నాళ్లకు ముగుస్తుంది. మీ సంపాదన మీద ఆధారపడిన తల్లిదండ్రులకు వైద్యం దానిమీదే నడుస్తుంటే, పెరిగిన పదహారు వందలు ఒక్క ఆసుపత్రి బిల్లుకు చాలవు. కంపెనీ ఆరోగ్య బీమా ఇస్తుందా, అందులో తల్లిదండ్రులు ఉంటారా అని అడగకుండా ఆ పెంపునకు తల ఊపకండి.

పీఎఫ్ విషయంలో కంగారు అక్కర్లేదు. ఎక్కడికి వెళ్లినా యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి నంబరు) ఒకటే, డబ్బు బదిలీ చేయించుకుంటే సరి. అయిదేళ్లు నిండకుండా తీసేసుకుంటే మాత్రం పన్ను పడవచ్చు. పింఛను సొమ్ము కూడా తీసేసుకుంటే, పింఛనుకు కావలసిన పదేళ్ల సేవ లెక్క కూడా తెగిపోతుంది.

అయిదో మెట్టు: నోటిమాటను కాగితం చేయించండి

డబ్బు ఇంటివైపు కొంచెమే మొగ్గడంతో, తేల్చడానికి మా వాడి మొదటి కారణమే మిగిలింది. అందుకని ఒకే ఒక్క కోరిక రాసి పంపమన్నాను: ‘ఫలానా తేదీలోగా నన్ను పద్ధతుల రూపకల్పన విభాగానికి మారుస్తామని ఉత్తర్వు ఇస్తే ఉండటానికి సిద్ధం.’ జీతం గురించి అందులో ఏమీ లేదు. ‘‘తనిఖీ అయ్యాక తప్పకుండా చూద్దాం’’ అని జవాబు వచ్చింది. తేదీ లేదు. మేనేజరు మంచివాడే, మాట తప్పాలని అనుకుని ఉండడు. కానీ మాట ఇచ్చిన మేనేజరు బదిలీ అయితే, తరవాత వచ్చినాయనకు ఆ మాటతో సంబంధం ఉండదు. ఈ జిల్లాల కర్మాగారాల్లో ‘పాత సారు మాటిచ్చారండీ’ అంటూ నా బల్ల ముందు నిలబడినవారు ఎంతమందో.

ఉండిపోవాలని నిర్ణయించుకునేవారు అడగవలసిన కాగితంలో ఇవి కనబడాలి: కొత్త జీతం విడివిడి అంశాలతో, ఏ తేదీ నుంచి అమలో, వచ్చే ఏప్రిల్ ఇంక్రిమెంటు దీనికి అదనమో కాదో, బోనస్ ఉంటే ఏ షరతుల మీద, మధ్యలో వెళ్తే ఎంత తిరిగి కట్టాలో, హోదా, షిఫ్టు, ఎవరికి రిపోర్టు చేయాలో. వీటన్నిటికన్నా ముఖ్యమైనది, మీ రాజీనామా ఉపసంహరణను అంగీకరించినట్టు ఒక లేఖ. ఇది లేకపోతే కంపెనీ కంప్యూటర్‌లో మీ ఆఖరి పనిదినం అలాగే నిలిచి ఉంటుంది. ఆ తేదీ రాగానే జీతం ఆగిపోయి, గేటు దగ్గర కార్డు పనిచేయక, లబోదిబోమంటూ వచ్చినవారిని నేను చూశాను.

ఆరో మెట్టు: అవతల ఇచ్చిన మాట

కొత్త కంపెనీ ఆఫర్ లెటరు మీద ఇంకా సంతకం చేయకపోతే మీరు స్వేచ్ఛగా ఉన్నట్టే. సంతకం చేసి, చేరే తేదీ కూడా ఇచ్చి ఉంటే తూకంలో మరో రాయి పడింది. చట్టం మాట అటుంచండి, మన పరిశ్రమల లోకం చిన్నది. పైడిభీమవరం, పరవాడ, అచ్యుతాపురం మధ్య హెచ్‌ఆర్ వాళ్లు ఒకరికొకరు ఫోన్లో దొరికే మనుషులే. వస్తానని రానివారి పేర్లు మా డైరీల్లో ఉండేవి.

అయినా ఉండిపోవడమే సరైనదని తేలితే, ఆ రోజే కొత్త కంపెనీకి ఫోన్ చేసి ఉన్నమాట చెప్పండి, తరవాత మెయిల్ పెట్టండి. ‘అమ్మకు ఒంట్లో బాగోలేదు’ అని మాత్రం చెప్పకండి. ఉద్యోగం తప్పించుకోవడానికి తల్లులను మంచాన పడేసినవారు మన దగ్గర చాలామంది.

ఇంట్లో మాట్లాడటం గురించి కొంచెం

హైదరాబాద్, బెంగళూరు వాళ్లకు లేని చిక్కు మనకు ఉంది. అక్కడ ఉద్యోగం మారితే ఎక్కే బస్సు మారుతుంది, ఇక్కడ మారితే ఊరే మారుతుంది. కంపెనీలకూ ఆ సంగతి తెలుసు. ‘‘ఇంటి పట్టున ఉంటూ ఈ జీతం ఎక్కడొస్తుందయ్యా’’ అన్న మాటను మేము కావాలనే వాడేవాళ్లం, ఎందుకంటే అది సగం నిజం. అమ్మానాన్నల వయసు, పొలం, పిల్లల బడి తూకంలో వేసుకోవడానికి సిగ్గుపడనక్కర్లేదు. అయితే వాటిని అంకెల్లోకి, రోజుల్లోకి దించండి. నాన్నకు నెలకు ఎన్నిసార్లు ఆసుపత్రి? తమ్ముడు ఉన్నాడా? ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ రైల్లో సంక్రాంతి టికెట్టుకు 60 రోజుల ముందే పొద్దున్నే లేచి కూర్చునే ఓపిక ఎన్నేళ్లు ఉంటుంది? ‘భోగాపురం విమానాశ్రయం వస్తోంది, ఇక్కడే బోలెడు ఉద్యోగాలొస్తాయి, ఆగు’ అనే బంధువులు ప్రతి ఇంటికీ ఒకరుంటారు. రాబోయే ఉద్యోగాన్ని నమ్ముకుని చేతిలోని కాగితాన్ని చించుకోవద్దని వారికి మర్యాదగా చెప్పండి.

మా వాడి తల్లి ఒక్క మాటే అడిగింది: ‘‘ఇక్కడే ఉంటే రెండేళ్ల తరవాత కూడా ఇదే గొణుగుతావా?’’ నా లెక్కలన్నీ ఒక ఎత్తు, ఆ ప్రశ్న ఒక ఎత్తు.

ఆఖరి మెట్టు: చెప్పడం, తరవాత పనులు

శుక్రవారం మధ్యాహ్నం వాడు పంపిన మెయిల్ ఇంత: ‘మీ ప్రతిపాదనకు కృతజ్ఞతలు. బాగా ఆలోచించిన మీదట నా రాజీనామాకే కట్టుబడి ఉండాలని నిర్ణయించుకున్నాను. నోటీసు కాలంలో నా రికార్డులన్నీ పూర్తిచేసి, తనిఖీకి కావలసిన వివరాలు అప్పగిస్తాను.’ ఇందులో కారణాలు లేవు. కారణం రాస్తే దానికి మరో విరుగుడు తయారుచేస్తాం. ఆఖరి వారంలో మరోసారి పిలిచి, పెద్దాయన దగ్గర కూర్చోబెట్టి, ఇంకొంచెం పెంచుతారు కూడా. వీణ్నీ పిలిచారు. అదే జవాబు చెప్పి వచ్చాడు.

వెళ్లేవారు చూసుకోవలసినవి: రాజీనామా అంగీకార పత్రం, రిలీవింగ్ లెటరు, సర్వీసు సర్టిఫికెట్, ఆఖరి మూడు నెలల జీతం స్లిప్పులు, మిగిలిన సెలవుల డబ్బు, తరవాత జీతం మీద కోసిన పన్ను వివరాల పత్రం. పీఎఫ్ ఖాతాలో కంపెనీ నిష్క్రమణ తేదీ నమోదు చేసిందో లేదో రెండు నెలల తరవాత చూడాలి, అది లేకపోతే బదిలీ చిక్కుల్లో పడుతుంది. అప్పగింతల జాబితాలో ల్యాబ్ కోటు నుంచి లాకరు తాళంచెవి దాకా ప్రతిదానికీ సంతకం తీసుకోవాలి. మా వాడు కంపెనీ బస్సు పాసు ఒక్కటీ సంతకం లేకుండా ఇచ్చి వచ్చాడు. దాని కోసం మూడు వందలు కోసుకున్నారు.